తెల్లరాళ్ళ మూల

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. పోర్ట్‌డారాలో ఆ ఉలిపికట్టె ఆస్టిన్ లావెల్. గొడవ వచ్చింది కూడా నిజంగా దారి గురించే.

మేయో కౌంటీ పడమటి కొసన, కొండచరియల అంచు వెంట ఒక నడకదారి వేయాలని ఊరి కమిటీ పూనుకుంది. రేవు దగ్గర మొదలై, పాత కావలి బురుజు దాటి, యుద్ధం రోజుల్లో పైన పోయే విమానాలకి కనబడాలని తెల్లరాళ్ళతో నేల మీద పేర్చిన దేశం పేరు పక్కగా, సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ రాతిస్తంభం ఎదురుగా సాగి, చుట్టు తిరిగి చర్చి దగ్గర తేలాలి. చరియల మీద పొలాలున్న వాళ్ళందరూ సరేనన్నారు. ఆస్టిన్ ఒక్కడూ కాదన్నాడు. అతని పొలం సరిగ్గా మధ్యలో ఉంది. అది లేకపోతే తలా తోకా ఉండి నడుములేని దారి అవుతుంది.

ఊరికి ఆ దారి అవసరమే. పోస్టాఫీసు ఎప్పుడో మూసేశారు. పబ్బు వారానికి మూడు రోజులే తీస్తున్నారు. బడిలో పిల్లలకంటే కుర్చీలు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ళకి నడిచేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు, సముద్రపక్షుల్ని చూసేవాళ్ళు బస్సుల్లో దిగుతుంటే పోర్ట్‌డారా మీదుగా కార్లు ఆగకుండా పోతున్నాయి. ఇక ఎవరికైనా కోపం రాదా? ఆస్టిన్ చర్చిలోకి వస్తే పలకరింపులు సగానికి తగ్గిపోయాయి.

ఆస్టిన్‌కి డెబ్భై అయిదు దాటాయి. పుట్టిన ఇంట్లోనే ఉంటాడు. పదహారేళ్ళప్పుడు అందరితో పాటు స్కాట్లండ్‌కి బంగాళదుంపలు తవ్వడానికి వెళ్ళాడు, తర్వాత ఒక చలికాలం ఇంగ్లండ్‌లో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళాడు. తల్లికి ఒంట్లో బాగాలేదని వచ్చినవాడు మళ్ళీ కదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు. నల్లమొహం గొర్రెలు, ఒక కుక్క, పాత ట్రాక్టరు, పొయ్యిలోకి బురదనేలలోంచి తానే కోసి ఎండబెట్టుకున్న పీటుగడ్డలు, ఇదీ అతని సంసారం. ఆదివారం పూజకి వెళ్ళి వెనక గోడకానుకుని నిలబడతాడు. చివరి దీవెన పూర్తికాకముందే బయటికొచ్చి టోపీ పెట్టుకుంటాడు. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే గొయ్యి ఇరుగుపొరుగు వాళ్ళే తవ్వాలి, కూలికి మనిషిని పెట్టడం చిన్నతనం. అందులో ఆస్టిన్‌ది అందెవేసిన చెయ్యి. పక్కలు నిలువుగా, అడుగు చదునుగా తవ్వుతాడని పేరు. బతికున్నప్పుడు అతన్ని తిట్టిన వాళ్ళు కూడా ఆ పనికి అతనే రావాలని ఇంట్లో చెప్పి పోయేవారు.

పోర్ట్‌డారా మనుషుల పద్ధతి ఒకటుంది. ఎవరింటికైనా పనిమీద వెళితే పని సంగతి ఎత్తరు. వాన గురించి, గడ్డి గురించి, ఎవరి మోకాలు గురించో మాట్లాడతారు, టీ తాగుతారు, వద్దంటూనే రెండోసారీ తాగుతారు. లేచి తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, అప్పుడు గుర్తొచ్చినట్టు అసలు మాట అంటారు. ఎదుటివాడు కాదంటే ఎందుకని అడగరు. అడగడం అంటే వాడి జేబులో చెయ్యి పెట్టడంతో సమానం. ఎందుకో ఊహించుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

కమిటీ పెద్ద నోరీన్ రడ్డీ కూడా అలాగే వచ్చింది. బడిపంతులమ్మగా చేసి మానేసిన మనిషి, మంచిదే. గొళ్ళెం మీద చెయ్యి వేసి పొలం మాట ఎత్తింది. ఆస్టిన్ ఆ మూల కుదరదన్నాడు. నోరీన్ సరే పెద్దాయనా అని వెళ్ళిపోయింది. ఎందుకన్న ఒక్క మాట ఆ గడపలో అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అడగలేదు. ఊళ్ళో ఊహలు మొదలయ్యాయి. తాతల కాలంలో సముద్రపు నాచు వాటాల దగ్గర రడ్డీలకీ లావెల్లకీ తగువు పడిందిగా, ఆ కక్ష అన్నారు. నడిచేవాళ్ళ కుక్కలు గొర్రెపిల్లల్ని తరుముతాయని భయమన్నారు. ఎవడైనా జారిపడితే తన మీదికొస్తుందని బెదురన్నారు. కమిటీ ఊరుకోలేదు పాపం. కుక్కల్ని తేకూడదని బోర్డు రాయించింది, బీమా చేయించింది, నాచు సంగతి మర్చిపోయామని రడ్డీల పెద్దకొడుకుతో చెప్పించింది. లేని రోగానికి ఊళ్ళో ఉన్న మందులన్నీ పోశారు. ఆస్టిన్ అన్నింటికీ తలూపి ఆ మూల కుదరదనే అన్నాడు.

అందరికంటే గట్టిగా అరిచింది అట్రాక్టా బారెట్. ఆస్టిన్‌కి కింది ఇల్లు ఆమెది. ఎనభై దాటిన విధవరాలు, రెండు తుంటిఎముకలూ మార్పించుకుంది, చక్రాల నడకబండి తోసుకుంటూ తిరుగుతుంది. నోరు మాత్రం ఏ బండీ లేకుండా పరిగెడుతుంది. కమిటీలో సభ్యురాలు కాదు, అయినా ప్రతి సమావేశానికీ వెళ్ళి ముందు వరసలో కూర్చుని దారి ఎంతవరకు వచ్చిందని అడిగేది. ఒక ఆదివారం చర్చి గేటు దగ్గర అందరి ముందూ ఆస్టిన్‌ని నిలదీసింది.

"నేను చచ్చేలోపు ఆ దారి చూడనిస్తావా లేదా? దురదగొండీ రాళ్ళూ తప్ప ఏముందక్కడ? మీ అమ్మ ముత్యాల మూట గానీ పాతిపెట్టి పోయిందా?"

నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆస్టిన్ టోపీ చేతిలో తిప్పుకుంటూ గొర్రెలు చూసుకోవాలని వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళాక టీ పెట్టుకుని తాగడం మర్చిపోయాడు. ఊరంతా ఎన్నన్నా అతనికి పెద్దగా పట్టలేదు. ఆ మాట అట్రాక్టా నోటినుంచి వచ్చేసరికి గుండెల్లో కలుక్కుమంది, ఎందుకంటే ఆ మూలలో ఉన్నది ఆమె కొడుకే.

పాతరోజుల్లో జ్ఞానస్నానం కాకముందే పోయిన పసిబిడ్డల్ని చర్చి సమాధుల తోటలోకి రానిచ్చేవారు కాదు. వాళ్ళకి స్వర్గం లేదనేవారు. తండ్రో మేనమామో చిన్న పెట్టెలో పెట్టి, పొద్దు పొడవకముందే ఎవరి కంటా పడకుండా తీసుకెళ్ళి, ఊరి చివర దున్నని ఏదో మూలలో పూడ్చేవాడు. అలాంటి చోటుని కిల్లీన్ అంటారు. పేరు చెక్కిన రాయి ఉండదు, శిలువ ఉండదు. సముద్రపొడ్డునుంచి తెచ్చిన తెల్లరాయి ఒకటి పెడతారు, అంతే. తల్లి మంచం మీదే ఉండేది. ఆమెకి చోటు చెప్పేవారు కాదు. చెప్పకపోతే త్వరగా మరిచిపోతుందని మగవాళ్ళ నమ్మకం. ఏ తల్లీ మరిచిపోయినట్టు నేనైతే వినలేదు.

ఆస్టిన్ పొలం కొసన గోడ పక్కనున్న మూల అలాంటి చోటే. అతని తండ్రి అక్కడ కొడవలి పెట్టలేదు, అతనూ పెట్టలేదు. అట్రాక్టాకి తొలికాన్పులో మగబిడ్డ పుట్టి, జ్ఞానస్నానం చేయించడానికి మంత్రసాని నీళ్ళు చేతిలోకి తీసుకునేలోపే పోయాడు. ఆమె మొగుడు మైల్స్ ఆ చీకటితోనే వచ్చి ఆస్టిన్ తలుపు తట్టాడు. అప్పటికి ఆస్టిన్‌కి పందొమ్మిదో ఇరవయ్యో. చేపలపెట్టె పలకలతో మైల్స్ తానే చేసిన పెట్టె చంకలో ఉంది. ఇద్దరూ కొండెక్కారు. ఆస్టిన్ తవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు మైల్స్ అతని చేత ఒట్టు వేయించుకున్నాడు, చోటు అట్రాక్టాకి ఎప్పటికీ చెప్పకూడదని, తెలిస్తే ఆమె రోజూ అక్కడే కూర్చుంటుందని. తర్వాత వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళయి గాల్వే వైపు వెళ్ళారు. మైల్స్ కూడా పోయాడు. అతని గొయ్యీ ఆస్టినే తవ్వాడు. ఒట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

వేరే ఊళ్ళలో ఇలాంటి చోట్లకి బిషపులు వచ్చి దీవించారని, పలకలు పెట్టారని ఆస్టిన్ విన్నాడు. పోర్ట్‌డారాలో ఆ మాట ఎత్తినవాడు లేడు. ఎత్తితే ఎవరి బిడ్డ, ఏ ఇంటి బిడ్డ అని తవ్వుకుంటూ పోవాలి. పెదవి దాటితే పృథ్వి దాటుతుందని ఆస్టిన్ భయం. దారి ఇస్తే ఎక్కడెక్కడివాళ్ళ బూట్లు ఆ పసివాళ్ళ మీద నడుస్తాయి. ఎందుకివ్వనో చెబితే చచ్చినవాడికిచ్చిన మాట పోతుంది, ఈ ముసలామె ఈ వయసులో ఆ కబురు తట్టుకోలేదు. అందుకని మొండివాడనిపించుకోవడమే మేలనుకున్నాడు.

మే నెలలో ఒక శనివారం కమిటీవాళ్ళు దేశం పేరున్న తెల్లరాళ్ళ అక్షరాల్ని బాగుచెయ్యడానికి గుమిగూడారు. నాలుగు అక్షరాల్లో చివరిది సగం గడ్డిలో కూరుకుపోయింది. కలుపు పీకారు, ఉన్న రాళ్ళకి సున్నం వేశారు, ఇంకా కొన్ని తక్కువయ్యాయి. రేవు దాకా దిగి మోసుకురావడమంటే నడుములు విరుగుతాయి. గోడ అవతల ఆస్టిన్ పొలం మూలలో గడ్డిలోంచి తెల్లరాళ్ళు కనబడ్డాయి. దారికి కదా ఆయన కాదన్నాడు, రాళ్ళకి కాదుగా అనుకున్నారు. పొలంలోంచి రాళ్ళేరితే రైతుకి మేలు చేసినట్టేనని కూడా అనుకున్నారు. తోపుడుబండి నిండా ఏరారు, అక్షరంలో పేర్చారు, రెండోసారి నింపుకుని టీకి ఆగారు. నోరీన్ కారులో శాండ్‌విచ్‌లు వచ్చాయి. ముందు సీట్లో అట్రాక్టా కూర్చుని ఉంది, దిగలేదు.

సంతకి వెళ్ళిన ఆస్టిన్ అప్పుడే తిరిగొచ్చాడు. ట్రాక్టరు మీంచే బండిలో రాళ్ళు చూశాడు. ఇంజను ఆపకుండానే దిగి గడ్డికి అడ్డం పడి వచ్చాడు. ఆ మనిషి గొంతు పెంచడం అంతవరకు ఊళ్ళో ఎవరూ వినలేదు.

"దించండి. ఒక్కొక్కటీ దించండి. ఎవడికి చెప్పి తీశారు?"

నోరీన్ కప్పు పట్టుకునే ముందుకొచ్చింది. "రాళ్ళే కదా పెద్దాయనా. పనికొచ్చేవైతే వేరేవి తెచ్చిస్తాంలెండి."

ఆస్టిన్ అక్షరంలో పేర్చినవి కూడా చేతులకి సున్నం అంటించుకుంటూ పీకి బండిలో వేసుకున్నాడు. తానే తోసుకుంటూ గోడ సందులోంచి పొలంలోకి వెళ్ళాడు. సాయం వెళదామని కదిలినవాణ్ణి ఒక పెద్దమనిషి మోచెయ్యి పట్టుకుని ఆపాడు. వయసు మళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కప్పులు కింద పెట్టి, టోపీలు తీసి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. చిన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముసలాడికి మతి పోయిందని ఒకడన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

అక్కడ ఆస్టిన్ మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు తిరిగి పెడుతున్నాడు. ఏ రాయి ఎక్కడిదో చాలావాటికి అతనికీ తెలియదు. నేలలో పచ్చిగా మిగిలిన గుంటలు చూసి, రాయి అడుగు తిప్పి చూసి, పట్టినచోట పెట్టాడు. గోడ పక్క ఒక గుంట దగ్గర మాత్రం వెతుక్కోలేదు. దానికి తగిన రాయి ముందే పక్కన పెట్టుకున్నాడు. అది పెట్టి, చుట్టూ మట్టి అరచేత్తో అదిమి, చాలాసేపు లేవలేదు. కారులోంచి అట్రాక్టా అదంతా చూసింది.

మర్నాడు పూజ అయ్యాక ఆస్టిన్ వంటింటి కిటికీలోంచి చూస్తే అట్రాక్టా తన నడకబండి తోసుకుంటూ ఎగువదారిలో వస్తోంది. రెండడుగులు వేసి ఆగుతోంది. తిట్టడానికే వస్తోందనుకుని కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. ఆమె లోపలికొచ్చి కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంది. వాన మాట లేదు, గడ్డి మాట లేదు. ఆ ఊళ్ళో ఎవరూ చెయ్యని పని చేసింది. అడిగింది.

"గోడ పక్కన పెట్టిన రాయేనా నా పిల్లాడిది?"

ఆస్టిన్ పొయ్యిలో పీటుగడ్డ ఒకటి అవసరం లేకపోయినా సర్దాడు.

"మైల్స్ నీ చేత ఒట్టు వేయించుకునుంటాడు" అందామె. "నువ్వు తప్పకు. నే చెప్తా, విను. ఆ రోజు మంచం మీంచి కిటికీలో చూశాను. ఇద్దరు కొండెక్కారు, ఇద్దరు దిగారు. నీ పొలమే అని అప్పుడే తెలుసు. ఎక్కడో తెలీదు. నిన్న తెలిసింది."

"తెలిసే దారి కావాలని అంత రాద్ధాంతం చేశావా?" అన్నాడు ఆస్టిన్. "వాళ్ళ మీదుగా జనం నడిస్తే నీకేం అనిపించదా?"

"మరి నేనెట్టా వెళ్ళేది? కాళ్ళున్నప్పుడు వెళ్తే, ఆవిడకి కొండ మీద ఏం పనని ఊరు అడిగేది. మైల్స్ అడిగేవాడు. ఇప్పుడు ఊరేమనుకున్నా నాకు లెక్కలేదు, కాళ్ళు లేవు. ఈ బండి నీ గడ్డిదుబ్బుల్లో దొర్లుద్దా? నన్ను తీసుకెళ్ళమని నిన్నెలా అడగను, మీ ఇద్దరి గుట్టూ నాకు తెలుసని బయటపడకుండా? దారంటూ పడితే, గాలి పీల్చుకోటానికొచ్చే జనంతో పాటు నేనూ పోతాను. ఎందుకెళ్ళావని ఎవడూ అడగడు."

ఆస్టిన్‌కి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆ మూలని కళ్ళల్లో ఒత్తులేసుకుని కాపాడానని అతని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఎవరినుంచి కాపాడినట్టు? అక్కడికి వెళ్ళాల్సిన ఒకే ఒక్క మనిషినుంచి. అతను ఒక్కసారి నోరు విప్పినా, ఆమె ఒక్కసారి అడిగినా యాభై ఏళ్ళకి పైగా ఆదా అయ్యేవి. కెటిల్ ఉడుకుతోంది. దాన్ని దించేసి ట్రాక్టరు తాళం తీసుకున్నాడు.

ట్రాక్టరు వెనక జబ్బుచేసిన గొర్రెల్ని తీసుకెళ్ళే ఇనపపెట్టె ఉంటుంది. అందులో వంటింటి కుర్చీ వేసి తాడుతో కట్టాడు. ఆమెని రెండు చేతుల్తో ఎత్తి కూర్చోబెట్టి ఒడిలో కంబళి కప్పాడు.

"చివరికి నన్ను గొర్రెని చేశావు" అంది.

"గొర్రెలు ఇంత వాగవులే."

నెమ్మదిగా పోనిచ్చాడు. గుంట వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాడు. మూలకి చేరాక ఇంజను ఆపి, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి గోడ దాకా నడిపించాడు. పెద్ద గాలి లేదు. కింద అలల చప్పుడు వినబడుతోంది. ఆస్టిన్ వేలితో చూపించాడు. తల ఎటువైపని ఆమె అడిగింది. తూరుపుకి కాళ్ళు, అందరికీ పెట్టినట్టే పెట్టామన్నాడు. బిడ్డని దేంట్లో చుట్టారని అడిగింది. మైల్స్ పెళ్ళినాటి చొక్కాలో అన్నాడు. ఆ చొక్కా ఏమైందని నెలరోజులు ఇల్లంతా వెతికాను అందామె. గోడ మీద చెయ్యి ఆన్చి రాయి వైపు చూస్తూ నిలబడింది. మోకాళ్ళ మీద కూర్చోవాలని ఉంది గానీ ఆ తుంటిఎముకలతో కుదరదు. ఆస్టిన్ వంగి రాయి తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె కోటు అంచుతో దానికంటిన సున్నం మరకలు తుడిచింది.

"ఆస్టిన్, నిజం చెప్పు. మైల్స్ ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"నన్ను సముదాయించటానికి చెప్పకు."

"పెట్టె దించేదాకా బానే ఉన్నాడు. మట్టి వేస్తుంటే నా చేతిలోంచి పార లాక్కుని విసిరేశాడు. నువ్వు పట్టుకున్నావే, ఆ గోడే పట్టుకుని ఏడ్చాడు. లేవనన్నాడు. తెల్లారిపోతోంది, జనం చూస్తారని నేనే లేపి తీసుకొచ్చాను. మీ గుమ్మం ముందు తొట్టిలో మొహం కడుక్కుని లోపలికెళ్ళాడు."

"లోపలికొచ్చి టీ అడిగాడు" అంది అట్రాక్టా. "బిడ్డని పూడ్చొచ్చి నా మంచం పక్కన కూర్చుని టీ తాగాడు. వీడికి చీమకుట్టినట్టయినా లేదనుకున్నాను. వీడి గుండె రాయనుకున్నాను. ఆ కోపం మీదే కాపురం చేశాను, ఆస్టిన్. మైల్స్ పోయినరోజు కూడా నాకు కన్నీళ్ళు రాలేదు."

ఆస్టిన్ ఆమె ఇచ్చిన రాయి తీసుకుని గుంటలో పెట్టి మట్టి అదిమాడు. గొర్రెలు రెండు దగ్గరికొచ్చి చూసి పోయాయి. తిరిగి కుర్చీలో కూర్చోబెడుతూ, రేపు నోరీన్‌తో మాట్లాడతానన్నాడు. ఆ మూలని వదిలి, చుట్టూ తిప్పి పొలంలోంచి దారి వేసుకోమంటాడు, మూల లోపలికి ఎవరూ రాకూడదు, నడకబండి పట్టేంత వెడల్పు గేటు ఒకటి మాత్రం పెట్టాలి.

"ఎందుకు వంకర తిప్పామో వాళ్ళకి చెప్తావా?"

"అడిగితే చెప్తాను."

"అయితే చెప్పే పని పడదు" అంది అట్రాక్టా.

కొండ దిగి ఆమె ఇంటి మలుపు దగ్గరికొచ్చాక ఆస్టిన్ వేగం తగ్గించాడు. ఆమె వెనకనుంచి పెట్టె ఇనపరేకు మీద వేళ్ళతో కొట్టింది. ఇంటికి కాదు, చర్చి దగ్గరికి పోనివ్వమంది. పూజ ఎప్పుడో అయిపోయిందన్నాడు. పూజకి కాదంది.

సమాధుల తోట గేటు దగ్గర ఆపి ఆమెని దించి నడిపించుకెళ్ళాడు. ఏటా వేసవిలో సమాధుల్ని దీవించే ఆదివారం ఊరంతా లోపలికెళ్ళి తమవాళ్ళ పక్కన నిలబడితే, అట్రాక్టా నొప్పులని చెప్పి ఆ గేటు దగ్గరే కూర్చుని ఉండిపోయేది. తుంటిఎముకలు కదా అని ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు మైల్స్ పేరున్న రాయి ఎదుట నిలబడి, రాయి మీద చెయ్యి వేసి, ఆమె పెద్దగా ఏడ్చింది. ఆస్టిన్ కాస్త దూరంగా వెళ్ళి టోపీ తీసి నిలబడ్డాడు. మైల్స్ పోయి తొమ్మిదేళ్ళు. ఆమె అతని సమాధి దగ్గరికి రావడం అదే మొదటిసారి.